అక్షరం వెనకవైపు

అంబాదాస్ సేఠ్ కార్ఖానాలోకి కొత్త సాంచె వస్తోందని తెలిసిన రోజు పెంటయ్య అన్నం సరిగా తినలేదు. ఆ మరమగ్గానికి కంప్యూటర్ తెర ఉంటుంది. దారం తెగితే ఎక్కడ తెగిందో తెర మీద ఈ ఊరి భాష మరాఠీలో రాసి చూపిస్తుంది. చదవగలిగినవాళ్లే దాని మీద నిలబడాలని, చదవలేనివాళ్లు మూటలు కట్టే పనికి పోవాలని సేఠ్ చెప్పాడు. గడువు రెండు నెలలు.

పెంటయ్య మా ఆయన పక్క సాంచె మీద ముప్పై ఏళ్లు నేసినవాడు. మా ఆయన పోయాక నేను అదే కార్ఖానాలో చద్దర్లు మడతపెడుతున్నాను. యాభై రెండో ఏట దాజీ పేట్ సమాజ మందిరంలో సాయంత్రపు బడికి వెళ్లి మరాఠీ, ఆ తర్వాత తెలుగు నేర్చుకున్నాను. అందుకే అతను నా దగ్గరికి వచ్చాడు.

“మూటలు కట్టుడు నాతోని గాదు వదినె. చెయ్యి సాంచె మీదనే ఉండాలె. నన్ను గూడ బడికి తోల్కపో,” అన్నాడు.

మా బడిలో నేను తప్ప అందరూ బీడీలు చుట్టే ఆడవాళ్లే. చెప్పేది నమ్రత మేడం. పాతికేళ్ల పిల్ల అయినా ఎవరినీ తొందరపెట్టదు. పెంటయ్య మూలన కూర్చుని పలక పట్టాడు. ఏ అక్షరం రాసినా అద్దంలో చూసినట్టు తిరగేసి రాసేవాడు. దిద్దితే ఆ పూటకు సరిగా రాసి, మర్నాడు మళ్లీ తిరగేసేవాడు. చదవమంటే పోల్చుకోలేక తల గోక్కునేవాడు. ఆ ఆడవాళ్లలో యల్లమ్మ ఊరుకునే మనిషి కాదు.

“పెంటయ్య బావ మీద అక్షరాలు అలిగినయే. అన్నీ గోడ దిక్కు మొఖం పెట్టినయ్,” అంది.

అతనూ అందరితోపాటు నవ్వాడు. కానీ నెల గడిచాక ఒక సాయంత్రం బయటికి వస్తూ, రేపటినుంచి రానన్నాడు. ఇంకొక్క రోజు చూడమని బతిమాలాను.

ఆ మర్నాడే మేడం ట్యాబ్ తెచ్చింది. నేల మీద ఒక అట్టముక్క పెట్టి, ట్యాబ్‌లోంచి చూడమంది. చూస్తే మందిరం నడుమ మనిషంత ఎత్తున మరాఠీ ‘క’ నిలబడి ఉంది. ట్యాబ్ దించితే ఖాళీ నేల. చుట్టూ తిరిగి చూడొచ్చని మేడం చెప్పింది. ట్యాబ్ పక్కన పెట్టాక కూడా యల్లమ్మ, ఎక్కడ తగులుతుందోనని, ఆ చోటు తప్పించి నడిచింది.

పెంటయ్య ముందు నుంచి చూసి, పోల్చుకోలేక తల గోక్కున్నాడు. ఒక్కో అడుగు వేస్తూ అక్షరం వెనక్కి వెళ్లి, అక్కడ ఆగిపోయాడు.

“ఇది నాకెరుకే,” అన్నాడు మెల్లగా. “ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. చద్దర్ మూలకు కంపెనీ పేరు నేస్తం గద మేడం. సాంచె మీద చద్దర్ బోర్ల ఉంటది. మాకు అగుపడేది ఎప్పుడూ ఎన్కదిక్కే.”

ఎవరూ నవ్వలేదు. ఆ చద్దర్లను సరైన వైపుకు తిప్పి మడతపెట్టేది నేనే. అయినా నాకు తట్టలేదు. మా ఆయన కూడా జీవితమంతా అక్షరాల వీపే చూశాడని అప్పుడు తెలిసింది.

మేడం ఆ రోజే పాఠం మార్చేసింది. పెంటయ్య రాసింది తప్పనడం మానేసి, ప్రతి అక్షరాన్నీ మొదట వెనక నుంచి చూడమని, తర్వాత నడిచి ముందువైపుకు రమ్మని చెప్పింది. అప్పటికే నోటికి వచ్చిన కంపెనీ పేరులోని అక్షరాలన్నీ ఒక్క సాయంత్రంలో పట్టుకున్నాడు. ట్యాబ్ పిల్లల ఆటబొమ్మ అనుకున్నాను నేను. అరవైకి దగ్గరపడ్డ మనిషిని తానున్న చోటి నుంచే బయలుదేరనిచ్చిన ఆ పిల్లకూ, ఆ బొమ్మకూ మనసులోనే దండం పెట్టుకున్నాను.

గడువు నాడు సేఠ్ పెంటయ్యను కొత్త సాంచె ముందు నిలబెట్టి, కావాలనే ఒక పోగు తెంపాడు. నేను మడత ఆపాను. తెర గోడకు ఆనుకుని ఉంది, వెనక్కి వెళ్లే దారి లేదు. పెంటయ్య కళ్లు మూసుకుని, అక్షరాల చుట్టూ నడిచి ముందుకు వచ్చినవాడిలా తెరిచాడు.

“తాణా తుట్లా,” అని చదివాడు. పడుగు తెగిందని. ఎటువైపో చెప్పమన్నాడు సేఠ్. ఆ తర్వాతి మాటకు చాలాసేపు పట్టింది. పెదవులు కదిలాయి.

“డావీకడే,” అన్నాడు చివరికి. ఎడమవైపు.

అన్నాక ఎవరి మొహమూ చూడలేదు. నేరుగా ఎడమకు నడిచి, తెగిన పోగు వెతికి ముడివేశాడు. సేఠ్ ఇంకేమీ అడగకుండా తల ఊపాడు. పెంటయ్య మీట నొక్కాడు. సాంచె నడిచింది.