ముందొచ్చిన పడవ

లాకు దగ్గరికి రెబెక్కమ్మ పడవే ముందొచ్చింది. కాలవ కట్ట మీద ఉన్నవాళ్ళంతా చూశారు. చూసి ఏం లాభం? ఊళ్ళో చెత్త, పాకీదొడ్ల పెంట ఎత్తుకుని సర్వితోపులకు ఎరువుగా చేరవేసే పడవ అది. చెన్నపట్నం పోయే ఉప్పు పడవలన్నీ దాటాక గానీ దానికి లాకు తలుపులు తెరవరు. ఏ కాగితం మీదా లేని ఆచారం అది. రాసిపెట్టిన వాటికంటే అలాంటివే గట్టివి.

ఆ రోజు పడవలో పెంటతో పాటు రెబెక్కమ్మ మొగుడు ఓబయ్య కూడా పడి ఉన్నాడు. తెల్లారినప్పటి నుంచీ వాంతులు, భేదులు. కళ్ళు గుంటలు పడ్డాయి, పిలిస్తే పలకడం లేదు. రోజూ ఇద్దరూ తాడు భుజాన వేసుకుని కట్ట వెంట నడుస్తూ లాగే పడవను ఆమె ఒక్కతే లాక్కొచ్చింది. లాకు అవతల కోసు దూరంలో ఆసుపత్రి ఉంది. దాని పక్కనే వాళ్ళ పేట.

"వెంకయ్యన్నా, తలుపులు తియ్యి. మనిషి పోతుండాడు," అంది.

లాకు తలుపులు తిప్పే వెంకయ్య చెడ్డవాడు కాడు. పిరికివాడు. "నాదేముంది మే. ఉప్పు పడవలు వస్తుండాయి. నిన్ను ముందు వదిలితే పద్మనాభయ్యగారు నా ఉద్యోగం ఊడబెరికిస్తాడు," అన్నాడు. పద్మనాభయ్య కంట్రాక్టరు. ఉప్పు పడవలూ ఆయనవే, చెత్త పడవా ఆయనదే.

వెనక ఉప్పు పడవలు వచ్చి ఆగాయి. "పోనీ తలా ఒక చెయ్యి వెయ్యండన్నా. కట్ట మీద మోసుకుపోదాం," అని వాళ్ళను అడిగింది.

వాళ్ళూ తాళ్ళు లాగి భుజాలు కాయలు కాచినవాళ్ళే. వెనక పడవల్లో ఒకటి సిలార్‌ది. అతను తల వంచుకున్నాడు. జబ్బు అంటుకుంటుందని కొందరు, పెంట పడవ మనిషని కొందరు, అందరూ వెనక్కే జరిగారు. తినడానికి లేకపోయినా తక్కువగా చూడ్డానికి ఒకరుంటే చాలని మనవాళ్ళకు నేర్పినవాళ్ళు మహా తెలివైనవాళ్ళు.

ఉప్పు పడవలు వరసగా లాకులోకి దూరడం మొదలుపెట్టాయి. సిలార్ పడవకు ఇంకా వంతు రాలేదు, ఈలోపే రెబెక్కమ్మ కేక వినిపించింది. ఓబయ్య పోయాడు.

గొంతు పూడిపోయేదాకా ఏడ్చిందామె. తర్వాత లేచి, మొగుడి మీద పాత దుప్పటి కప్పింది. గడకర్రతో పడవను లాకు మొగలో అడ్డంగా తిప్పి, తాళ్ళు రెండు గట్లకూ బిగించి కట్టేసింది.

"ఈ పడవ పోయినాకే ఏ పడవైనా పొయ్యేది," అంది.

ఉప్పు పడవల వాళ్ళు గొడవకు దిగారు. "పడవ చేరకపోతే మాకు కూలి లేదు మే. మా పిల్లకాయలకు నువ్వు పెడతావా కూడు?"

"బతికుండంగా పక్కనుండమంటిరి. సచ్చినాక గూడా ఆయన ఆఖరునే ఉండాల్నా? ఎవురు ముందొస్తే వాళ్ళు ముందు పోవాల. ఇయ్యాళే గాదు, ఇంక ఎప్పటికీ."

కబురందుకుని వచ్చి పద్మనాభయ్య జీపు దిగాడు. ఆయన అరవలేదు. అరవాల్సిన పని ఆయనకు ఎప్పుడూ పడదు. "మీ కష్టం నాకు తెలుసబ్బా. ఉప్పు మనం తినే వస్తువు. దాని ముందర పెంట పడవ పోతే మైల గాదా? దాన్ని పక్కకి లాగేయండి. కూలి సంగతి నేను చూసుకుంటా," అన్నాడు.

కొందరు కదిలారు. సిలార్ తాడు ముడి మీద చెయ్యి వేశాడు. రెబెక్కమ్మ అతని కళ్ళలోకి చూసింది.

"సిలారన్నా, ఎండాకాలంలో నీ పడవకు చిల్లి పడినప్పుడు ఉప్పు దేంట్లో తోలినావు?"

సిలార్ చెయ్యి ఆగిపోయింది.

ఈ పడవలోనే. కాలవ నీళ్ళతో కడిగించి, కంట్రాక్టరే దగ్గరుండి ఉప్పు పోయించాడు. ఓబయ్య, సిలార్ ఒకే తాడు లాగారు. ఆ రోజు పడవ కనపడగానే వెంకయ్య తలుపులు తెరిచాడు. మైల అన్న నోరు లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

"అయ్యా, ఆ పొద్దు మైల గాని పడవ ఇప్పుడెట్టా మైలయింది?" అని అడిగాడు సిలార్.

"కడిగించినా గదరా."

"నీళ్ళతో కడిగితే పొయ్యే మైలకా మనిషిని సంపింది?"

సిలార్ తనవాళ్ళ వైపు తిరిగాడు. "సంపిన దాంట్లో మనమూ ఉండాం. రేపు నేను పడిపోతే నన్నూ ఇట్టనే పక్కన పెడతారు. ఈయన దగ్గిర ఉప్పు మూటకుండే మర్యాద మనకు లేదబ్బా."

"నోటికాడి కూడు పోగొట్టుకుంటామా?" అని గొణిగాడో ముసలాయన. అయినా ఒకరి తర్వాత ఒకరు తాళ్ళు కింద పడేసి కట్ట మీద కూర్చున్నారు. ఆఖరికి ఆ ముసలాయన కూడా కూర్చున్నాడు.

ఎండ వాలేసరికి పోలీసు లారీ వచ్చింది. దారికి అడ్డం పెట్టినందుకని రెబెక్కమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఆమె పెనుగులాడలేదు.

"నేనొస్తా. ఆయన్ని మట్టిలో పెట్టేది మరిచిపోవద్దన్నా," అని సిలార్‌తో అని లారీ ఎక్కింది.

"ఇంక చాల్లే. ఉప్పు పడవలు కదలనీయండిరా," అన్నాడు పద్మనాభయ్య.

సిలార్ తాళ్ళ ముడులు విప్పాడు. పడవను నిలువుగా తిప్పాడు. ఓబయ్య లాగిన తాడు ఎత్తి తన భుజాన వేసుకున్నాడు. అతని వెనక ఇంకొకడు పట్టుకున్నాడు, వాడి వెనక ముసలాయన. ఉప్పు పడవల దగ్గర ఒక్క మనిషీ మిగల్లేదు. వెంకయ్య కంట్రాక్టరు మొహం చూశాడు, పడవలో దుప్పటి చూశాడు. తలుపులు తిప్పాడు.

"ఒరే సిలార్, నువ్వు ఉప్పు పడవోడివిరా," అని అరిచాడు పద్మనాభయ్య. ఆయన అరవగా జనం వినడం అదే మొదలు.

"ముందొచ్చింది ఈ పడవయ్యా," అన్నాడు సిలార్, వెనక్కి తిరక్కుండానే.

లారీలోంచి రెబెక్కమ్మ చూస్తూనే ఉంది. మిగతా పోలీసులు లాకు దాటి అవతలి గట్టున లాఠీలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు ఇవతలివాళ్ళకు కనపడుతూనే ఉన్నారు. అయినా తాడు వదిలినవాడు లేడు.