నీళ్లొచ్చేదాకా ఆట

తడిసిన దుబ్బ వాసన.

జూన్ నెల చివరి సాయంత్రం. పొద్దున పడ్డ వానకు బాన్సువాడ నేల ఇంకా ఆవిరి వదులుతోంది. లారీ మీద పదకొండు మంది. మోకాళ్ల దాకా బురద. నడుమ బాలరాజ్, గోల్‌కీపర్, గెలిచిన కప్పును రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. డప్పులు. ఈలలు.

కింద సాయన్న నిలబడి ఉన్నాడు. బాలరాజ్ తండ్రి. చేతిలో పార.

"ఒడ్డు ఏసి పోర్రి బిడ్డా. కాలువకు నీళ్లు ఇడుస్తున్నరట. అందరు చెయ్యి ఏస్తే అర్దగంట పని."

"రేపు పొద్దుగాల ఏస్తం తీ బాపు. గీ ఒక్క దినం ఇడువు!" పైనుంచి అరిచాడు బాలరాజ్.

లారీ కదిలింది. సాయన్న ఇంకేదో అన్నాడు. డప్పుల్లో వినబడలేదు.

రేపు... ఎంత చిన్న మాట.

ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు తిండి పెట్టాలి. అది మద్నూర్ జట్టు పట్టింపు. ఆ జట్టంతా లారీ డ్రైవర్లు, క్లీనర్లు. వాళ్ల లారీలోనే పిట్లం మీదుగా ఊరేగించి, మద్నూర్‌లో కడుపునిండా పెట్టి, తెల్లారినాక తెచ్చి బస్టాండు దగ్గర దించారు.

టీకొట్టు ముందర మనుషులు బాలరాజ్‌ను చూసి మాటలు ఆపేశారు. ఒకాయన దగ్గరికొచ్చి అతని చేతుల్లోంచి కప్పు తీసుకున్నాడు — మెల్లగా, నిద్రపోయిన పిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టు.

"మీ బాపుకు పురుగు ముట్టిందిరా."

అక్కడ పామును పాము అనరు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని భయం.

పిలవకుండానే వచ్చింది అది.

నిన్న రాత్రి పొద్దుపోయేదాకా సాయన్న ఒక్కడే ఒడ్డు వేస్తుంటే కాటేసింది. కింది పొలం గంగవ్వ చూసి, ఎడ్లబండి కట్టించి దవాఖానకు తోలుకుపోయింది. బండి దవాఖాన చేరింది. సాయన్న చేరలేదు.

ఇది తొంభై తొమ్మిదిలో.

ఆ ఒడ్డు ఏమిటో చెప్పాలి.

ఆ జట్టుకు మైదానం లేదు. ముత్తెన్న పొలం ఉంది. కాలువ కింద రెండు పెద్ద మడులు, నడుమ ఒక ఒడ్డు, మట్టి గట్టు. తొంభై ఒకటిలో యాసంగి, అంటే ఎండకాలపు కోతలయ్యాక ముత్తెన్న ఆ ఒడ్డు తీయించి, రెండు మడులను ఒకటి చేసి, గోల్‌పోస్టులుగా నాలుగు యాపకర్రలు పాతించాడు. చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ చూసి వచ్చిన రైతు. ఆ పిచ్చి పొలం పనుల్లో కూడా అరిగిపోలేదు.

ఆడేవాళ్లు చెరుకు నరికేవాళ్లు, బస్తాలు మోసేవాళ్లు. ఆడినన్నాళ్లు కూలి పోతుంది కదా — అందుకని మనిషికి రెండు సంచుల వడ్లు ఇచ్చేవాడు ముత్తెన్న. బీర్కూర్ జట్టు ఊరికే ఆడేది. పిట్లం జట్టు ఊరికే ఆడేది. బాన్సువాడ వాళ్లు మాత్రం రొమ్ము విరుచుకుని చెప్పేవారు — "మేం ప్రొఫెషనల్. తిండిగింజలకు ఆడేటోళ్లం."

తీసేసిన ఒడ్డు జాడ నల్లగా మిగిలేది. అదే నడిమి గీత. సున్నం అక్కర్లేదు. పై మడి కన్నా కింది మడి జానెడు పల్లం. బంతి దానంతటదే అటు నడిచేది.

"హే కాయ్ మైదాన్ ఆహే!" అని మరాఠీలో మొత్తుకున్నాడు మద్నూర్ డ్రైవర్ ఒకడు. ఇదేం మైదానమయ్యా అని.

"నీళ్లకెరుకే, బంతికెరుకే పల్లం యాడున్నదో. నీకే ఎరుక లేకపాయె," అన్నాడు సాయన్న. మైదానం చూసుకునేది అతనే.

కాలువకు నీళ్లొచ్చేదాకా ఆట. నీళ్లొస్తే నాట్లు.

నీళ్లు రాని ఏడు ఆట ఎక్కువ రోజులు సాగేది. రైతులు మొగులు వైపు చూస్తుంటే, ఆటగాళ్లు తల దించుకుని ఆడేవాళ్లు... సిగ్గుతో.

సాయన్న పెట్టిన కట్టుబాటు ఒకటే. ఒడ్డు తీసిన చేతులే ఒడ్డు వేయాలి. కడపటి ఆట కాగానే, కాళ్లు కడుక్కోకముందే, అదే బనీన్లతో పదకొండు మందీ మన్ను ఎత్తాలి. ఆ తర్వాతే పూలమ్మ, సాయన్న భార్య, మోదుగాకుల్లో గుడాలు పెట్టేది. ఉడికించిన అలసందలు, పైన ఉల్లిగడ్డ.

ఎందుకంటే ఆ పొలం కింద గంగవ్వ నారుమడి. మొగుడు పోయిన మనిషి. నడిమి ఒడ్డు లేకుంటే మొదటి నీళ్లు ఒక్కసారే పల్లానికి ఉరికి నారు కొట్టుకుపోతుంది.

ఎనిమిదేళ్లు వేశారు. తొమ్మిదో ఏడు కప్పు గెలిచారు.

గంగవ్వ నారు బతికింది. మూరెడు జాగా తప్ప ఒడ్డంతా వేసే పోయాడు సాయన్న. ఆ మూరెడు జాగా ఆమె తన చేత్తో పూడ్చుకుంది, ఏడ్చుకుంటూ.

ఆ రోజు గుడాలు కుండలోనే ఉండిపోయాయి.

మరుసటి ఎండకాలం ముత్తెన్న ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బాలరాజూ... ఒడ్డు తియ్యాల్నా?"

బాలరాజ్ నేల చూశాడు.

ముత్తెన్న మళ్లీ అడగలేదు. జట్టు రద్దయిందని ఎవరూ చెప్పలేదు. ఎవరి పనికి వాళ్లు పోయారు. ఇద్దరు మద్నూర్ లారీలే ఎక్కారు. యాపకర్రలు ముత్తెన్న బండి మీద పంపిస్తే పూలమ్మ పెరట్లో పందిరి వేసింది. గోల్ నిలబడ్డ కర్రల మీద సొరతీగ పాకింది. తెల్లటి పూలు. సాయంత్రం పూట విచ్చుకునే పూలు.

బాలరాజ్‌కు మండలాఫీసులో చిన్న పని దొరికింది. పెళ్లయింది. ఇంటికొచ్చిన కృప అత్తకు కూతురైంది.

ఏటా తొలి వాన పడగానే, ఆ పందిరి కింద కూర్చుని పూలమ్మ చచ్చిపోయిన మనిషిని తిడుతుంది.

"మొండోడు. పదకొండు మంది పోరగాళ్లుండంగ ఒక్కడే పోతడా? ఒక్క కేక ఏస్తే ఏం పోయె? పిలువనే లేకపాయె." ముక్కు చీదుకుని కోడలి వైపు తిరుగుతుంది. "నా కొడుకును పిలిస్తే కప్పు గిప్పు ఆడ పారేసి ఉరికస్తుండె తెలుసానే!"

బాలరాజ్ గడపలో నిలబడి వింటాడు.

వాన వింటాడు.

రెండువేల మూడులో ఒకసారి తల్లి ముందు నోరు తెరిచాడు.

"అవ్వా... గా దినం బాపు —"

"ముందుగాల తిను. సల్లారుతున్నది."

తిన్నాడు.

తిన్నాక మళ్లీ మొదలుపెట్టలేకపోయాడు. ఆమె మొగుణ్ణి తిట్టుకుంటూ బతుకుతోంది. ఆ తిట్టు తీసేస్తే ఆ చోట ఏం పెట్టాలో అతనికి తెలియదు. కొడుకును పెట్టాలి. పెట్టక తప్పదు. తండ్రి మీద పడ్డ నింద తనది.

కానీ రేపు... అనుకుంటాడు.

అనుకుని, ఆ మాటకే ఉలిక్కిపడతాడు.

రెండువేల ఏడు. పూలమ్మకు చెవులు మందగించాయి. ఉప్పు కావాలన్నా, బస్సు వచ్చిందన్నా దగ్గరికిపోయి గట్టిగా అరవాలి. పక్కింటికి కూడా వినబడుతుంది.

ఇది అరిచి చెప్పే మాట కాదు.

ఈ ఏడూ వాన పడింది. ఈ ఏడూ తిట్టింది — "పిలువనే లేకపాయె మొండోడు."

సాయన్న పిలిచాడు. ఆ లారీ మీదున్న పదకొండు మందిలో ఒక్కరూ ఆమెకు ఇంకా చెప్పలేదు.