మెత్త బోల్ట్

సుపీరియర్ సరస్సు ఒడ్డున, మా వైపు జింకల వేట మొదలయ్యేలోపే తోట ట్రాక్టర్‌కి వాకిట్లో మంచు ఊడ్చే మిషను బిగించి తీరాలి. బిగించకుండా అడవికి పోయినవాడు తిరిగొచ్చేసరికి వాకిలీ మూసుకుపోయి ఉంటుంది, భార్య నోరూ మూసుకుపోయి ఉంటుంది. ఆ ఏడాది మా ఊరి సులో తన సాయానికి బావమరిది ఆర్వీని పిలిచాడు. వేసవిలో పక్షవాతం వచ్చి తగ్గాక సులోకి కాళ్ళూ చేతులూ బాగానే స్వాధీనమయ్యాయి గానీ మతిమరుపు మిగిలిపోయింది. అతణ్ణి మళ్ళీ ట్రాక్టర్ ఎక్కనివ్వడం భార్య హిల్యాకి ఇష్టం లేదు.

"ఈ ఒక్క చలికాలం చూస్తాను. ఏదైనా తేడా వచ్చిందా, ఇక ట్రాక్టర్ ముట్టుకోనివ్వను," అంది.

ట్రాక్టర్ పాతది, మొండిది. గడ్డి కోసే బ్లేడ్ల పెట్టె విప్పి పక్కకి లాగారు. మంచు మిషనుని ముందు కొక్కేలకి తగిలించేసరికి ఇద్దరికీ నడుములు పడిపోయాయి. బెల్టు ఎక్కించారు, వెనక చక్రాలకి గొలుసులు చుట్టారు. మంచుని లోపలికి లాగే మరకి చెరోపక్కా ఒక మెత్త బోల్ట్ ఉంటుంది. రాయో మొద్దో అడ్డుపడితే అది తెగిపోయి గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది. తెగడమే దాని ఉద్యోగం. ఎడమపక్కది సులో బిగించాడు.

"రెండోది నువ్వు కానీరా. అరలో డబ్బాలో ఉన్నాయి," అని కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళాడు.

డబ్బా వెతికే ఓపిక ఆర్వీకెక్కడిది? బండిలో తుపాకీ, దుప్పట్లు సర్ది ఉన్నాయి. వేట గుడిసెలో స్నేహితులు ఈపాటికి పొయ్యి వెలిగించి ఉంటారు. కాళ్ళ దగ్గర ఉక్కు బోల్ట్ ఒకటి కనబడింది. సరిగ్గా పట్టింది. ఉక్కుది తెగదని తెలుసు, అయినా వచ్చాక మార్చొచ్చులే అనుకున్నాడు. జింకా దొరకలేదు, వచ్చాక బోల్టూ గుర్తు రాలేదు.

సరస్సు మీంచి మొదటి పెద్ద మంచు విరుచుకుపడింది. రోడ్డు ఊడ్చే బండి సులో వాకిలి మొదట్లో గడ్డకట్టిన మంచు గట్టు వదిలిపోయింది. అందులో కట్టెమొద్దు ఉన్న సంగతి ఎవరికి తెలుసు? సులో ట్రాక్టర్‌ని నేరుగా దాంట్లోకి తోలాడు. ఆర్వీ వచ్చేసరికి గేర్‌బాక్స్ రెండు ముక్కలై ఉంది. సులో కుడిపక్క బోల్ట్ విప్పి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"ఉక్కుది పెట్టానురా ఆర్వీ. ఊరందరికీ పెట్టొద్దని చెప్పేవాణ్ణి, నేనే పెట్టాను. రెండుపక్కలా నేనే కదా బిగించింది?"

గుమ్మంలో హిల్యా నిలబడి ఉంది. ఆర్వీ విరిగిన గేర్‌బాక్స్ మీదికి వంగాడు.

"ఏమో బావా. గుర్తులేదు," అన్నాడు.

గుర్తులేదన్న మాట ఎవరి దగ్గర అన్నాడో ఇంటికెళ్ళాక తెలిసొచ్చింది. సిగ్గుతో అన్నం సయించలేదు. భార్య ఏమైందని అడిగితే కసురుకున్నాడు.

శనివారం మామూలుగానే బావా బావమరిదీ సులో పెరట్లోని ఆవిరిస్నానం గదిలో కూర్చున్నారు. వేడిరాళ్ళ మీద నీళ్ళు పోస్తూ సులో మెల్లగా అన్నాడు. "మీ అక్క చెప్పింది నిజమే. నా బుర్ర పోయింది. నాకే భయమేస్తోంది."

"కాదు బావా. ఆ బోల్ట్ నేను పెట్టాను. వేటకెళ్ళే తొందరలో పెట్టేశాను. మొన్న చెప్పడానికి నోరు రాలేదు."

సులో రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోశాడు. తర్వాత నవ్వాడు.

"మొన్న గుర్తులేదన్నావు కదరా. ఇవాళ ఎలా గుర్తొచ్చింది?"

"నిజం బావా. ఒట్టు."

"ఊరుకోరా. నా పరువు కోసం నువ్వు నింద మోయక్కర్లేదు."

ఇంట్లోకి వెళ్ళి హిల్యాకీ చెప్పాడు ఆర్వీ. ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా తమ్ముడు బంగారం," అని యాలకుల రొట్టె గుడ్డలో చుట్టి చేతికిచ్చింది. సులో ట్రాక్టర్ తాళంచెవి తెచ్చి ఆ రొట్టె మీద పెట్టాడు.

"నువ్వు తీసుకెళ్ళరా. నీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది."

ఆర్వీ గేర్‌బాక్స్ మార్పించి, రెండుపక్కలా మెత్త బోల్టులు బిగించాడు. మంచు పడ్డప్పుడల్లా ముందు బావ వాకిలే ఊడుస్తాడు. కిటికీ దగ్గర కూర్చుని సులో చెయ్యి ఊపుతాడు. ఆర్వీ తల ఎత్తడు.