నీళ్లు, తణ్ణి

లక్ష్మణసామికీ గోపాలకృష్ణన్‌కీ తాత ఒక్కడే. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడిలో పత్తి పండించాడు, ఇద్దరు కొడుకులను కన్నాడు, పోయాడు. ఆ కొడుకుల కొడుకులే వీళ్లు. తాలూకా బోర్డు ఎన్నికల్లో దాయాదులిద్దరూ ఎదురెదురుగా నిలబడేసరికి, పాపం, పోయిన తాతకు రెండు జాతకాలు పుట్టాయి.

పుట్టించింది విరుదునగర్‌లో అచ్చయ్యే అరవ వారపత్రిక. దాని యజమానికి గోపాలకృష్ణన్ పత్తి వ్యాపారంలో భాగం ఉంది. గోపాలకృష్ణన్ తాత అడవి నరికి ఈ మట్టిని పొలం చేసిన మహానుభావుడట. లక్ష్మణసామి తాత ఉత్తరాది నుంచి మూటతో దిగిన వడుగన్ అట. తెలుగువాణ్ణి అరవంలో అనే మాట అది. అన్నం తినేవాడెవడైనా ఒక్క తాతను రెండుగా కోస్తాడా?

ఇళ్లలో మాట తెలుగే అయినా, విరుదునగర్ సభలో ఇద్దరూ అరవంలోనే మాట్లాడారు. ఎండకు గొంతెండి లక్ష్మణసామి పక్కవాణ్ణి "నీళ్లు" అని అడిగాడు. తర్వాత గోపాలకృష్ణన్ కూడా మాటల మధ్య "రేపు" అని నోరు జారాడు. ఆ వారం పత్రికలో గోపాలకృష్ణన్‌ది పల్లెటూరి తీయని పలుకైంది. లక్ష్మణసామి మాత్రం దాహానికి కూడా మన భాష రానివాడయ్యాడు. కాఫీ క్లబ్బులో అది చదివించుకుని నవ్వినవాళ్లలో సగం మంది ఇంటికెళ్లి నీళ్లే తాగారు.

లక్ష్మణసామికి పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో తనూ, తల్లి రాజమ్మాళూ. ఆ పూట తల్లి దగ్గర కూర్చుని గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఎలక్షన్ అయ్యేదాక మన మాట వద్దుమా. నీళ్లు అనొద్దు, తణ్ణి అను."

"మీ తాత పొయ్యేటప్పుడు నోట్లో పోసింది నీళ్లేరా," అంది రాజమ్మాళ్.

అంతే, మళ్లీ తెలుగు పలకలేదు. అరుగు మీదికి ఓట్లవాళ్లు వస్తే చెంబు కాస్త దూరంగా పెట్టి, "ఇందాంగ తంబీ, తణ్ణి" అని, తీసుకోండి అన్నట్టు, పరాయివాళ్లకిచ్చే మర్యాదతో అనేది. వాళ్లు వెళ్లాక, కొడుకుతో అరవం మాట్లాడటానికి వాడేమీ పరాయివాడు కాడు కాబట్టి, ఊరికే ఉండేది. ఓట్లయ్యాక అన్నీ సర్దుకుంటాయిలే అనుకున్నాడు లక్ష్మణసామి.

ఓడిపోయాడు. ఆ సాయంత్రం గోపాలకృష్ణన్ ఊరేగింపు ఈ వీధినే వచ్చింది. బండి మీద నుంచి వాళ్లమ్మను గొంతెత్తి పిలిచాడు.

"అమ్మా, గెలిస్తిమి, ఆరతి ఎత్తుకోని రా!"

అచ్చంగా తెలుగులో. ఎవరూ నవ్వలేదు. మట్టిబిడ్డ అని అచ్చేశాక ఇంక ఏ భాషలో అరిస్తేనేం?

లక్ష్మణసామి తలుపు మూశాడు. అరుగు మీద ఒక్క చెప్పుల జత కూడా లేదు. ఇంక ఎవరి నుంచీ ఏమీ దాచక్కర్లేదు. ఇంత ఒంటరితనం పెళ్లాం పోయిననాడు కూడా ఎరగడు.

"అమ్మా, నీళ్లు," అన్నాడు.

రాజమ్మాళ్ లోపలి నుంచి చెంబు తెచ్చింది. కొడుకు ముందు కాస్త దూరంగా పెట్టింది.

"ఇందాంగ తంబీ, తణ్ణి."