కల్లంలో డిటెక్టివ్

మిరపకి రేటొచ్చిన ఏడు ఎవరైనా ట్రాక్టరు కొంటారు, మోజు తీరకపోతే టీవీ కొంటారు. మా ఆయన బాపయ్య సినిమా తీశాడు. అదీ డిటెక్టివ్ సినిమా. డిటెక్టివ్ తనే. నడి ఎండలో కోటు, టోపీ, నల్లకళ్ళద్దాలు వేసుకుంటే నాకు నవ్వాగలేదు. "నీకేం తెలుసే" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే.

డైరెక్టరు బాలస్వామి గడ్డం పెంచిన కుర్రాడు. ఫైట్లుండవు, పాటలుండవు, మనిషి మనసు చూపిస్తానన్నాడట. మా ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదు గనక గొప్పదే అయ్యుంటుందని ఒప్పేసుకున్నాడు. కథలో డిటెక్టివ్ పెళ్ళాం కనపడకుండా పోతుంది. ఆయన అద్దంకి నుంచి తాడేపల్లి దాకా వెతుకుతాడు.

దారిలో ఒక కూలీ మనిషిని వాకబు చేసే సీను మా మిరప కల్లంలోనే పెట్టారు. ఆ వేషానికి మద్రాసు నుంచి వచ్చిన అమ్మాయి ఘాటుకి తుమ్మి తుమ్మి, కళ్ళు వాచిపోయి మధ్యాహ్నం బస్సెక్కేసింది. అన్నం క్యారేజీతో వెళ్ళిన నేను, మా ఆయనకి చెప్పొద్దని, ఆ వేషం నేను వేస్తానని బాలస్వామితో అన్నాను. ఆయన నన్ను గుర్తుపడతాడో లేదో చూడాలనిపించింది.

మా కూలీ ఆదెమ్మ తన పాత చీర కట్టించి, పైన మగవాళ్ళ చొక్కా తొడిగి, కళ్ళు మాత్రం వదిలి మొహానికి గుడ్డ చుట్టింది.

"గొంతు వింటే అయ్యగారు పట్టేస్తారమ్మా" అంది.

నేను కోరుకున్నదీ అదే.

"మా ఆవిడ ఇటేమన్నా వచ్చిందా?" అని అడిగాడు డిటెక్టివ్.

"ఎట్టా ఉంటదయ్యా?" అన్నాను, నా గొంతుతోనే.

ఆయన్ని సొంత మాటల్లో చెప్పమన్నాడు డైరెక్టరు.

"ఎత్తు మామూలే" అని ఆగాడు. "రంగూ మామూలే. వంట బాగా చేస్తది."

ఇంకేం తట్టలేదు. చెయ్యి ఊరుకోక కుప్పలోంచి ఒక కాయ తీసి, విరిచి వాసన చూసి, "ఇది మన పడమటి చేలోది, రెండో కోత" అన్నాడు. బాలస్వామి కెమెరా ఆపలేదు. నాకు ఏడుపొచ్చింది. కల్లంలో ఏడిస్తే ఎవరడుగుతారు, ఘాటనుకుంటారు.

మళ్ళీ కల్లాలు పడే వేళకి సినిమా సత్తెనపల్లిలో విడుదలైంది. ఆ సీనుకి హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. జనం తన నటనకి మురిసిపోతున్నారనుకుని మా ఆయన మీసం దువ్వాడు.

"ఆ కూలీ మనిషి ఎవరోగానీ భలే చేసిందే. ఉట్టి కళ్ళతోనే ఏడ్చింది. వచ్చే పిక్చర్లో పెద్ద వేషం ఇస్తా" అన్నాడు బయటికొచ్చాక, నా పక్కనే నడుస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"డిటెక్టివ్ మీరేగా. కనుక్కోండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే నేను మొహానికి గుడ్డ కట్టుకుని, కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను. ఆయన రానే వచ్చాడు. కోటు కూడా వేసుకున్నాడు. ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చాడు. ఆదెమ్మ నవ్వాపుకోలేక తల వంచుకుంది. ఆమె పక్కన నేను.

"సినిమాలో చేసిన మనిషి ఎవరో నీకేమన్నా తెలుసా?"

"ఎట్టా ఉంటదయ్యా?" అన్నాను.

ఆయన నా కళ్ళలోకే చూశాడు.

"ఎత్తు మామూలే" అని మొదలుపెట్టాడు.