గాజు కాళ్ళ పీట

మా ఆడపడుచు తాయారు తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడు, మాఘమాసంలో, వాల్తేరు నుంచి యూనివర్సిటీ వాళ్ళు వ్యానులో సామాను వేసుకుని పక్క ఊరి హైస్కూలుకు వచ్చారు. ఫిజిక్సు అనే చదువు ఒకటుందనీ, పల్లెటూరి పిల్లలు కూడా అందులో చేరాలనీ చెప్పడానికి వచ్చారు. పిల్లలు ఒప్పుకుంటే సరిపోతుందా, పెద్దవాళ్ళు ఒప్పుకోవద్దూ? అందుకని హెడ్మాస్టరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కబురు పెట్టాడు. ఏదో ఆట ఆడిస్తారనుకుని బళ్ళు కట్టుకుని వెళ్ళాం. మా అత్త తవిటమ్మ, నేను, మా ఊరి అమ్మవారి పూజారి జోగయ్య ఒకే బండిలో వెళ్ళాం.

లక్ష్మీనరసింహం అని కుర్ర మేష్టారు, విజయనగరం వాడు, ఒక్కొక్కటే చూపించాడు. చివరికి పిడి పట్టి తిప్పే యంత్రం ఒకటి బల్లమీద పెట్టాడు. రెండు గాజు పళ్ళాలు ఎదురెదురుగా తిరుగుతాయి, పక్కన ఇత్తడి గుండు. కింద గాజు కాళ్ళ పీట వేసి, దానిమీద నిలబడి గుండు పట్టుకునేది ఎవరని అడిగాడు. మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఉండగా మా తాయారు వెళ్ళి ఎక్కేసింది.

పొద్దున్నే తలంటుకున్న జుట్టు, వదులుగా ముడేసుకుంది. మేష్టారు పిడి తిప్పాడు. ముందు చెవుల దగ్గర వెంట్రుకలు లేచాయి. తర్వాత ముడి జారి, జుట్టంతా ముఖం చుట్టూ నిలబడిపోయింది. తాయారుకు చక్కిలిగింతలు పుట్టినట్టుంది, పకపకా నవ్వింది.

మా వైపు అమ్మవారు ఆడమనిషి మీదకు వచ్చినప్పుడు మొదట జుట్టు విడిపోతుంది, తర్వాత నవ్వు వస్తుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. జోగయ్య లేచి చేతులు జోడించేశాడు.

"అమ్మ వచ్చీసినాది."

"అమ్మా లేదు, ఏమీ లేదండీ. ఇది విద్యుత్తు. ఎవరు నిలబడ్డా ఇంతే," అన్నాడు మేష్టారు.

"అయితే ఇంకో ఆడగుంటని నిలబెట్టు బాబూ, సూద్దుము."

ఎవరు నిలబడతారు? హాలు సగం అప్పటికే ఖాళీ అయిపోయింది.

అంతే, తాయారు చదువు అక్కడ ఆగిపోయింది. అమ్మ పూనిన పిల్ల మళ్ళీ గ్రామదేవత పండగ జరిగేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. పండగ మూడేళ్ళకోసారి. కిందటిది మొన్ననే అయింది. వీధి గదిలో చాప వేసి, జుట్టు విరబోసి కూర్చోబెట్టారు. ఆదివారం వచ్చిందంటే జనం.

"తల్లీ, మా గేదె ఎప్పుడీనుతాది?"

"నాకేటి తెలుసు," అనేది తాయారు.

"అమ్మకే తెలీదంటన్నాదంటే, ఇప్పట్లో ఈనదన్నమాట," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు.

మా అత్త చెడ్డది కాదు. కూతురికి అన్నం పెడుతూ ఏడ్చేది. "నాను కాదంటే, రేపు ఎవరింట్లోనైనా పిల్లకి అమ్మోరు పోస్తే ఏటి సెయ్యాల? ఊరు నన్ను బతకనిస్తాదా?" అనేది. మా ఆయన గణపతిరావు తల్లికి ఎదురు చెప్పలేక పొలంలోనే ఉండిపోయేవాడు.

జూన్‌లో బడి తెరిచారు. ఆషాఢం దాటితే పేరు కొట్టేస్తానని హెడ్మాస్టరు కబురు చేశాడు. తాయారుకు తిండి దిగడం లేదు. నాకొక ఉపాయం తోచి, తల దువ్వుతూ చెవిలో చెప్పాను.

"అమ్మ పలికినట్టు నువ్వే పలుకే. బడికి పంపమని సెప్పు. కాదనేవోడెవడు?"

"ఒక్కసారి పలికితే ఇంక నాను తాయార్ని కాను వొదినా. జన్మంతా పలుకుతూనే ఉండాల."

అంత చిన్నపిల్ల అలా అనేసరికి నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

హెడ్మాస్టరే మేష్టారికి ఉత్తరం రాసినట్టున్నాడు. ఒక ఆదివారం ఆ యంత్రాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, పీట కూడా తీసుకుని లక్ష్మీనరసింహం మా ఇంటికి వచ్చాడు. పైన ముసురు. గది నిండా జనం. పిడి తిప్పాడు, తిప్పాడు, చెమటలు కారేలా తిప్పాడు. ఏమీ లేదు. తాయారు పీటమీద చెట్టులా నిలబడింది, ఒక్క వెంట్రుకా కదల్లేదు.

"సూసినారా," అన్నాడు జోగయ్య. "ఆ రోజు మర బాబుదే, మహిమ అమ్మది."

మేష్టారు గాజు పళ్ళెం వేలితో తడిమి చూశాడు. "గాలిలో తడి ఉందండీ. తడికి ఇది పనిచెయ్యదు. కాస్త కుంపటి ఇప్పిస్తారా?"

నేనే కుంపటి రాజేసి తెచ్చాను. తలుపులు మూసి, గాజు పళ్ళాలు, పీట కాళ్ళు వెచ్చబెట్టి, పొడిగుడ్డతో తుడిచాడు. తిప్పితే చిటుక్కున నిప్పురవ్వ.

"ఈసారి తాయారు వద్దు. ఇంకొకరు ఎక్కితే మీకే తెలుస్తుంది. ఎవరైనా రండి."

ఎవరూ ముందుకు రాలేదు, నేను లేచాను. అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఒలే చిన్నతల్లీ, ఎల్లకు." విడిపించుకుని ఎక్కాను. ఆదివారం పూజకని తలంటుకుని సాంబ్రాణి పొగకు ఆరబెట్టుకున్న జుట్టు నాది.

ముఖం మీద సాలెగూడు పాకినట్టయింది. మెడ వెనక చల్లగా, తేలిగ్గా ఉంది. కళ్ళు తెరిచి చూసేసరికి గదిలో జనమంతా నేలమీద పడి దణ్ణాలు పెడుతున్నారు. మా అత్త కూడా.

"కాదండీ, ఇది యంత్రమేనండీ, చూడండి, ఆవిడకూ లేచింది కదా," అంటున్నాడు మేష్టారు. ఎవరు వింటారు? జోగయ్య నా కాళ్ళ దగ్గరకు పాక్కుంటూ వచ్చాడు.

"నువ్వేనా తల్లీ? తాయారుని ఇడిసిపెట్టీసినావా?"

తాయారు గోడకు ఆనుకుని నాకేసి చూస్తోంది. వద్దని తల ఊపుతోంది. మర అని చెబితే నమ్మరు, ఇద్దరినీ చాప మీద కూర్చోబెడతారు. అది నాకు స్పష్టంగా కనబడింది.

"ఇడిసిపెట్టీసినాను," అన్నాను.

మేష్టారు పిడి మీద నుంచి చెయ్యి తీసేశాడు.

మర్నాడు అత్తే తాయారుకు జడ వేసి బడికి పంపింది. ఆ పిల్ల శ్రీకాకుళంలో కాలేజీ చదివి, తర్వాత వాల్తేరులో ఫిజిక్సులోనే చేరింది. మూడేళ్ళకు రావలసిన పండగ వానలు లేక వాయిదా పడింది. జరిగాక జోగయ్య, అమ్మ చిన్నతల్లి దగ్గర, అంటే నా దగ్గర, సుఖంగా ఉంది, కదపొద్దన్నాడు. పొలిమేర దాటకూడదు గనక, వంశధారకు అవతల గట్టున ఉన్న మా పుట్టింటికి మా అమ్మ బతికుండగా మళ్ళీ వెళ్ళలేదు. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆవిడే పడవలో వచ్చి నన్ను చూసి వెళ్ళేది.

తాయారు వాల్తేరు వెళ్ళేరోజు పెట్టె పట్టుకుని పొలిమేర రాయిదాకా నేనూ నడిచాను. బస్సు ఆగేది ఆ రాయికి అవతల.

"రా వొదినా, బస్సుదాకా. ఎవరూ నేరు."

నిజమే, కనుచూపుమేర మనిషన్నవాడు లేడు. కానీ నేను దాటానని ఎవరికైనా తెలిస్తే, అమ్మ నన్ను వదిలేసిందనుకుని మొదట ఎవరి జడకేసి చూస్తారో నాకు తెలుసు. పెట్టె రాయి మీదుగా అందించాను.

"బేగి ఎల్లు, బస్సొస్తన్నాది," అన్నాను.