బీరయ్య హారన్‌కు కట్టిన బల్బు

రా బిడ్డా, ఆ పీట ఇటు జరుపుకుని నా మోకాలికి ఆనుకుని కూర్చో. మాదన్నపేట బోనాల్లో మా బావ ఎల్లప్ప చేసిన పని చెబుతాను.

అప్పట్లో బస్తీలో మైకుసెట్టు అంటే మా బావదే. ఆయన దగ్గరే పని నేర్చుకున్న బీరయ్య సొంత సెట్టు పెట్టాడు. అంతకు ముందటేడు డప్పుల మోత మైకులో పడి బావ హారన్ లోపల మోత పుట్టించే యూనిట్ కాలిపోయింది. ఊరేగింపు మూగగా నడిచింది. అందుకని కమిటీ పెద్ద వైకుంఠం ఆ ఏడు ఇద్దరికీ చెరో హారన్ అప్పగించాడు. ఎవరిది సాయంత్రం దాకా నిలిస్తే ఇకమీదట పని వాళ్లదేనన్నాడు. ఆ మాటతో బావకు అన్నం దిగలేదు.

బీరయ్య తన హారన్‌కు పోయే తీగ మధ్యలో ఆటో హెడ్‌లైటు బల్బు కట్టాడు.

"ఏందిరా గది, అమ్మవారికి దీపమా?" అన్నాడు బావ.

"కాదన్నా. మోత ఎక్కువైతే గది ఎలుగుతది. జోరంత అదే మింగుతది, యూనిట్ బతుకుతది."

"బల్బే మింగితే జనానికి ఏం ఇనబడ్తదిరా, నీ మొహం!"

డప్పులు దడదడలాడాయి. బల్బు ఎర్రగా వెలిగింది. బీరయ్య హారన్ గొంతు కాస్త తగ్గిందంతే, ఒక్క మాట చెడలేదు. బావది బొంగురుపోయింది. జనం బీరయ్య వైపు జరుగుతుంటే బావ మొహం చూడాలి! కుళ్లుతో నల్లబడిపోయింది.

బీరయ్య చాయ్ కోసం అటు తిరగగానే బావ బల్బు దగ్గరికి వెళ్లాడు. బోనం ఎత్తుకుని పక్కనే ఉన్నాను, అంతా చూశాను. బల్బు తీస్తే జోరంతా యూనిట్ మీద పడి కాలిపోతుందని ఆయన ఆశ. కండువాతో పట్టి ఊడదీశాడు. హారన్ ఠక్కున ఆగింది, కాలలేదు! హారన్‌కు దారే ఆ బల్బులోంచి ఉందని ఆయనకు తట్టలేదు. కండువా ఉన్నా బల్బు వేడికి వేళ్లు మాత్రం కాలాయి.

"బంద్ చేసిండ్రేంది భాయ్?" వైకుంఠం ఉరికొచ్చాడు.

బీరయ్య బావ చేతిలో బల్బును చూశాడు.

"లూజైంది సార్, అన్న సదురుతున్నడు. పెట్టు అన్నా, అమ్మవారి ఘటం వస్తున్నది."

బావ పెట్టాడు. హారన్ పలికింది.

"శభాష్ ఎల్లప్పా!" వైకుంఠం భుజం తట్టాడు.

బావ తన హారన్ తీగ తానే పీకేశాడు. "ఇగ పని బీరయ్యదే సార్" అన్నాడు. నా పక్కకొచ్చి మాత్రం పళ్లు కొరికాడు.

"వాడు నలుగుర్ల నన్ను తిట్టినా మంచిగుండు పిల్లా. మంచితనంల సుత వాడే గెలవాల్నా?"

ఇది మనసులో పెట్టుకో బిడ్డా. రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు మా బావను దొంగను చేయకు. తన తీగ తానే పీకేశాడని చెప్పు, కాలిన వేళ్లను కూడా మరవకు.